తిరుగువారం: జాతర ముగిశాక చీపురు పట్టేదెవరు?



ఊరిని శుభ్రంగా ఉంచడానికి పదిమంది కలిసి జీతం లేకుండా పనిచేస్తే దానికి ఇప్పుడు స్వచ్ఛంద సేవ అని పేరు. ఫ్లెక్సీ కడతారు, టోపీలు పంచుతారు, చీపుర్లు పట్టుకుని ఫొటో దిగుతారు. అది చూసి, ఈ పని బయటి నుంచి మన దగ్గరికి వచ్చిందని మన పిల్లలు అనుకుంటున్నారు. "అడవిలో ఉండేవాళ్లకు శుభ్రత ఏం తెలుసు, ఎవరో ఒకరు వెళ్లి నేర్పాలి" అనే మాట మైదానంలో ఎప్పటి నుంచో ఉంది. బయటివాళ్లు అంటే ఓర్చుకోవచ్చు. మన పిల్లలే అది నిజమని నమ్మితే మాత్రం చాలా నష్టం.

హాస్టల్ వార్డెన్‌గా రోజూ పొద్దున్నే పిల్లల చేత ఆవరణ ఊడ్పించే పని నాది. ఆ పిల్లలకు వాళ్ల ముత్తాతల చరిత్ర కూడా చెప్పాలి కదా అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. మన రెండు పెద్ద జాతరలను, మేడారాన్నీ కేస్లాపూర్‌నూ, ఒకే ప్రశ్న పెట్టుకుని చూద్దాం. ఊడ్చే పని ఎవరిది?

నాలుగు రోజుల జాతర, నాలుగు బుధవారాల పని

ములుగు జిల్లా తాడ్వాయి మండలం మేడారంలో సమ్మక్క, సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. చూసేవాళ్లకు అది నాలుగు రోజుల జాతర. కోయ పూజారులకు మాత్రం నాలుగు బుధవారాల పని. మొదటి బుధవారం గుడి మెలిగే పండుగ. రెండో బుధవారం మండ మెలిగే పండుగ. మూడో బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, జాతర మొదలవుతుంది. నాలుగో బుధవారం తిరుగువారం. 2024 జాతర తేదీలు చూడండి. ఫిబ్రవరి 7న గుడి మెలిగే, 14న మండ మెలిగే, 21 నుంచి 24 వరకు జాతర, 28న తిరుగువారం.

మెలిగే అంటే శుద్ధి చేయడం. గుడి మెలిగే నాడు మేడారంలో సమ్మక్క గుడినీ, కన్నెపల్లిలో సారలమ్మ గుడినీ పూజారుల కుటుంబాలవాళ్లే శుభ్రం చేస్తారు. బూజు దులుపుతారు, కడుగుతారు. ఆడవాళ్లు ఎర్రమట్టితో అలికి ముగ్గులు వేస్తారు. గుడి గుడిసెగా ఉన్న కాలంలో అడవికి వెళ్లి గడ్డి కోసుకొచ్చి కొత్తగా కప్పేవాళ్లు. ఇప్పుడు గోడలు లేచినా, అడవి గడ్డి తెచ్చే ఆనవాయితీ పోలేదు. పగిడిద్దరాజు ఊరు పూనుగొండ్లలోనూ, గోవిందరాజు ఊరు కొండాయిలోనూ అక్కడి పూజారులు ఇదే పని చేస్తారు.

మండ మెలిగే నాడు శుద్ధి గుడి దాటి ఊళ్లోకి వస్తుంది. వాకిళ్లు, వీధులు శుభ్రమవుతాయి. పొలిమేరలో దిష్టి తోరణాలు కడతారు. గుడి తర్వాత ఊరు, ఊరి తర్వాత పొలిమేర. ఈ వరుసను ఎవరూ పుస్తకంలో రాసిపెట్టలేదు. చేతి పనిగానే ఇన్ని తరాలు దాటి వచ్చింది.

ఇందులో ఒక సంగతి మీరు గమనించాలి. మైదానంలో చాలా గుళ్లలో పూజ చేసేవారు ఒకరు, ఊడ్చేవారు ఇంకొకరు. ఊడ్చేవారిని గర్భగుడి గడప దాటనివ్వని రోజులు కూడా ఉన్నాయి. మేడారంలో సిద్దబోయిన వారు సమ్మక్కకు పూజారులు, కాక వారు సారలమ్మకు పూజారులు. అమ్మను గద్దె మీదికి తెచ్చే ఇంటివాళ్లే గుడి బూజు దులుపుతారు. దానివల్ల వాళ్ల గౌరవం తగ్గలేదు. పూజారి కాబట్టే మొదటి చీపురు ఆయన ఇంటివాళ్ల చేతికి వచ్చింది.

కేస్లాపూర్‌లో వంతుల లెక్క

ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు వెళ్దాం. అక్కడి నాగోబా జాతర గోండుల్లో మెస్రం వంశస్థులది. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. దానికి చాలా రోజుల ముందే మెస్రం వారు ఝరి పట్టుకుని కాలినడకన బయలుదేరతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగులో గోదావరి జలం తీసుకుని మళ్లీ నడిచే తిరిగొస్తారు. కేస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది చేస్తారు.

జాతరకు కావలసిన కొత్త కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. మెస్రం ఆడపడుచులు, అల్లుళ్లు ఆ కుండలతో కోనేటి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతో గుడి ఆవరణ శుభ్రమవుతుంది. పుట్టమట్టి కలిపి పుట్టలు చేసేది కూడా వాళ్లే. అంత పెద్ద వంశం వచ్చి కూడినా, గోవాడలో వంట వండేది 22 పొయ్యిల మీదనే. ఎవరి పొయ్యి ఏదో ముందే తెలుసు.

ఇక్కడ "ఎవరైనా వచ్చి సాయం చేయండి" అని మైకులో పిలిచే అవసరం రాదు. నీళ్లు తెచ్చేది ఎవరు, కుండ చేసేది ఎవరు, వండేది ఎవరు అన్నది చుట్టరికమే చెబుతుంది. అల్లుడు వచ్చాడంటే మంచం వేసి కూర్చోబెట్టడం లోకంలో మర్యాద. కేస్లాపూర్‌లో అల్లుడికి మర్యాద అంటే నీళ్లు తెచ్చి మట్టి కలిపే పనిలో వంతు ఇవ్వడం. ఆ వంతు దక్కకపోతే చిన్నతనం.

అందరి పని అని వదిలేస్తే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. మన పెద్దలు ఆ ప్రమాదం ముందే చూశారు. పనికి పేరు పెట్టారు, పేరుకు ఇల్లు చూపించారు, ఇంటికి రోజు కేటాయించారు. వంతు అంటే అదే.

దీపావళి ముందు వచ్చే దండారి సంగతి కూడా ఇలాంటిదే. దండారి బృందం పొరుగూరికి వెళ్తే ఆ ఊరంతా వాళ్లకు ఆతిథ్యమిస్తుంది. చుట్టాలు వచ్చే ముందు గోడలు అలుకుతారు, వాకిళ్లు ఊడ్చి పేడనీళ్లు చల్లుతారు. నెమలి పింఛాల టోపీ పెట్టిన గుస్సాడీలు మాత్రం దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. తెలియనివాళ్లు దీన్నే పట్టుకుని మురికి అంటారు. దీక్ష వేరు, మురికి వేరు. దీక్షలో ఉన్న ఒంటి మీద బూడిద ఉండొచ్చు, ఆయన ఆడే వాకిట్లో చెత్త ఉండదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ టోపీ దేశమంతా చూసింది. ఆ టోపీ వెనక ఉన్న అలికిన వాకిళ్లను కూడా మనం చూపించగలగాలి.

ఆకు, మట్టి, సొరకాయ బుర్ర

ఇంతవరకు చెప్పిన శుద్ధి దాదాపు అంతా పండుగకు ముందు జరిగేది. గుడి మెలిగే ముందే, మండ మెలిగే ముందే. కోనేటి నీళ్లు, కొత్త మట్టి, దండారి ముందు అలుకుడు, అన్నీ ముందే. పండుగ అయిపోయాక ఊడ్వడానికి మన పెద్దలు ఇంత పెద్ద తంతు ఎందుకు పెట్టలేదు?

వాళ్లు ఏమేం వాడేవాళ్లో గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. తినేది మోదుగాకు విస్తట్లో. కూర పోసుకునేది ఆకు దొప్పలో. నీళ్లు, కల్లు తెచ్చుకునేది సొరకాయ బుర్రలో. వండేది మట్టికుండలో. పందిరి వేసేది కర్రతో, కొమ్మతో. అమ్మకు ఇచ్చే బెల్లాన్ని మేడారంలో బంగారం అంటాం. అది గద్దె మీద మిగిలినా చీమకో, చెట్టుకో, మనిషికో చేరేది. జాతర ముగిసి జనం బండ్లు కట్టుకుని వెళ్లిపోయాక, విస్తరి ఒక వానకు మట్టి అయ్యేది. కుండ పగిలితే పెంకు మట్టిలో కలిసేది. బుర్రను ఎవరూ పారేయరు, ఇంటికి తీసుకుపోయి మళ్లీ వాడతారు. మిగిలినదాన్ని అడవే ఊడ్చుకునేది.

పండుగ తర్వాత ఊడ్చే పెద్ద ఆచారం లేకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఆ అవసరమే రాలేదు. అవసరం వచ్చేసరికి ఆ పనికి ఇల్లూ లేదు, రోజూ లేదు.

ఏం మారింది

అవసరం ఎలా వచ్చిందో చూద్దాం. ఒకప్పుడు మేడారానికి దారి అంటే అడవిలో ఎడ్లబండి బాట. వచ్చేవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల కోయలు, బండి కట్టుకుని రాగలిగినంత దూరంలో ఉన్నవాళ్లు. 1960ల చివర జాతర నిర్వహణ దేవాదాయ శాఖ చేతికి వెళ్లింది. రోడ్లు పడ్డాయి, బస్సులు వచ్చాయి. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇప్పుడు ఒక్కో జాతరకు వచ్చే జనం కోటి దాటుతారని అధికారుల అంచనా.

జనం పెరగడం అమ్మల గొప్పతనం. అందులో తప్పు లేదు. కానీ ఆ జనంతో పాటే మట్టిలో కలవని సామాను కూడా వచ్చింది. బంగారం కట్టిన ప్లాస్టిక్ కవరు, నీళ్ల ప్యాకెట్టు, సీసా, థర్మాకోల్ పళ్లెం, గాజు సీసా, షాంపూ పొట్లం. జంపన్నవాగులో స్నానం చేసి తడిబట్ట అక్కడే వదిలేసేవాళ్లు ఉన్నారు. కోళ్లు కోసిన చోట ఈకలు, పేగులు.

జనం విడిది చేసేది ఖాళీ మైదానంలో అనుకోకండి. మేడారం, రెడ్డిగూడెం, నార్లాపూర్, ఊరట్టం, కన్నెపల్లి చుట్టూ ఉన్న పొలాల్లో. జాతర నాలుగు రోజుల్లో అయిపోతుంది. పగిలిన సీసా ముక్క మాత్రం పొలంలో ఉండిపోతుంది. తర్వాత నాగలి పడితే మట్టి కిందికి వెళ్తుంది, నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ల కాలిలో దిగుతుంది, లేకపోతే ఎద్దు గిట్టలో దిగుతుంది. ఈ పొలాల పక్కనే ఏటూరునాగారం అభయారణ్యం. ఉప్పు తగిలిన కవరును పశువు తింటుంది, జింకా తింటుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేననను. జాతర రోజుల్లో ఇతర జిల్లాల నుంచి వేల సంఖ్యలో పారిశుద్ధ్య కార్మికులను తెస్తారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో చాలావాటిపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఆ కార్మికులు రాత్రంతా ఊడుస్తారు, చలిలో గుడారాల్లో పడుకుంటారు. మన అమ్మల ముంగిట మనమూ, మన చుట్టాలూ పారేసినదాన్ని ఎక్కడి నుంచో వచ్చిన పేదవాళ్లు ఎత్తుతున్నారు. పూజారి ఇంట్లో ఉన్న చీపురు ఇలా కూలివాళ్ల చేతికి మారింది. పూజ ఒకరిది, ఊడ్పు ఒకరిది అనే మైదానపు పద్ధతి మన గద్దెల దగ్గరికి కూడా వచ్చేసింది. చెత్త కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

పెన్‌గంగ అవతలి చీపురు

కేస్లాపూర్ జాతరకు పెన్‌గంగ అవతల నుంచి, మహారాష్ట్రలోని యవత్మాల్, చంద్రపూర్ వైపు నుంచి కూడా మన బంధువులు వస్తారు. ఆ విదర్భ ప్రాంతంలోనే గాడ్గే బాబా అనే ఆయన ఉండేవారు. 1876లో అమరావతి జిల్లాలో చాకలి కుటుంబంలో పుట్టారు, 1956లో కన్నుమూశారు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక చీపురు ఉండేది. ఏ ఊరికి వెళ్లినా ముందు వీధులు ఊడ్చేవారు. పని అయ్యాకే సాయంత్రం కీర్తన చెప్పేవారు. జాతరలకు వచ్చే యాత్రికుల కోసం ధర్మశాలలు కట్టించారు. పెద్ద చదువు లేని మనిషి పేరు ఇప్పుడు అమరావతి విశ్వవిద్యాలయానికి ఉంది. 2000–01లో మహారాష్ట్ర ప్రభుత్వం గ్రామాల శుభ్రతా పోటీలకు కూడా ఆయన పేరే పెట్టింది.

ఆయన కథ నుంచి మనం రెండు సంగతులు తీసుకోవచ్చు. ముందు చీపురు, తర్వాత మాట. ఉపన్యాసం ఇచ్చి చీపురు పట్టడం కాదు, ఊడ్చాక మాట్లాడటం. రెండోది, ఒక మహానుభావుడు వచ్చి ఊడ్చిన ఊరు ఆయన వెళ్లిపోయాక కూడా శుభ్రంగా ఉండాలంటే ఆ ఊళ్లో వంతులు ఉండాలి. గాడ్గే బాబా లాంటి మనిషి నూరేళ్లకు ఒకరు వస్తారు. కేస్లాపూర్ ఆడపడుచులు, అల్లుళ్లు ప్రతి ఏడాదీ వస్తారు. మనకు ఆ రెండోది ముందే ఉంది. అది మన బలం.

నాలుగో బుధవారం

ఇంతకుముందు మేడారం పనిని నాలుగు బుధవారాలుగా చెప్పాను. మొదటి మూడింటి గురించి మాట్లాడుకున్నాం. నాలుగోది తిరుగువారం. అమ్మలు వనప్రవేశం చేసిన తర్వాత వచ్చే బుధవారం నాడు పూజారులు మళ్లీ పూజలు చేస్తారు, పూజాసామగ్రిని భద్రం చేస్తారు. దాంతో జాతర పూర్తయినట్టు. బయటి నుంచి వచ్చిన భక్తుల్లో చాలామందికి ఈ రోజు సంగతే తెలియదు. అప్పటికి వాళ్లు ఇళ్లకు చేరి ఉంటారు. ఆ రోజు ఆ నేల మీద మిగిలేది మనవాళ్లే.

పండుగ తర్వాత ఊడ్వడానికి మనకు రోజు లేదన్నాను కదా. వెతికితే ఉంది. ఆ రోజు పేరు తిరుగువారం. కొత్త దినోత్సవం ఒకటి కల్పించుకునే పని లేదు. గుడి మెలిగే, మండ మెలిగే లాగా తిరుగువారం నాడు నేల మెలిగే అని యువత ఒక వంతు తీసుకుంటే, అది మన ఆచారంలోంచే పుట్టిన పని అవుతుంది. అయితే పూజ పెద్దలది. ఏది ఎక్కడ మొదలుపెట్టాలో, గద్దెల దగ్గరికి ఎవరు వెళ్లాలో పూజారులను అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే చేయాలి.

కేస్లాపూర్‌లో కూడా మహాపూజల తర్వాత మెస్రం వారు శ్యాంపూర్ బుడుందేవ్ జాతరకు కదులుతారు. వాళ్లు కదిలాక కేస్లాపూర్ మైదానం ఎవరి వంతు అనేది ఆ ఊరి పెద్దలు, రాయ్ సెంటర్ సార్మేడీలు, యువకులు కూర్చుని తేల్చుకోవచ్చు. తమ దేవుడి కొత్త గుడిని సొంత చందాలతో కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్న వంశం అది. వాళ్లకు వంతులు వేయడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

చట్టం కూడా మన వైపే ఉంది. మేడారాన్ని రాష్ట్ర పండుగ చేసిన 1996లోనే పార్లమెంటు పెసా చట్టం చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని ఆ చట్టం చెబుతుంది. వాగు ఉమ్మడి వనరు. తిరుగువారం సంప్రదాయం. వాగు ఒడ్డున ఏది అమ్మకూడదో, ఏ ఊరి యువత ఏ జాగా చూడాలో గ్రామసభలో తీర్మానం రాసుకోవచ్చు.

వంతు ఎలా పంచుకోవాలి

చెప్పడం తేలిక, చేయడం కష్టం. అందుకే పని పద్ధతి కూడా రాస్తున్నాను.

మొదట జాగాలు పంచండి. "అందరం అంతా ఊడుద్దాం" అంటే మధ్యాహ్నానికి అందరూ చెట్టు కింద ఉంటారు. వాగు ఒడ్డు ఈ గూడేనిది, ఈ చెలకల వరుస ఆ గూడేనిది అని పేరు పెట్టండి. వచ్చే జాతరకు కూడా అదే జాగా వాళ్లదే కావాలి.

పని వరుస ఇలా పెట్టుకోండి. ముందు గాజు, అదీ పొలాల్లో, నాగలి పడకముందే. చేతికి మందపాటి తొడుగులు, కాలికి బూట్లు, గోనెసంచులు ఉండాలి. చీపురుతో గాజు ఊడిస్తే ముక్కలు మట్టిలోకి పోతాయి, ఏరాలి. తర్వాత ప్లాస్టిక్. దాన్ని అక్కడే కుప్పపోసి నిప్పు పెట్టకండి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. సంచుల్లో కట్టి పంచాయతీ బండికి అప్పగించండి. చివరగా కుళ్లేవి. కొబ్బరిచిప్పలు, ఈకలు, మిగిలిన తిండి వాగుకు దూరంగా గుంట తీసి, సున్నం చల్లి మట్టి కప్పండి.

పారిశుద్ధ్య కార్మికుల కూలికి మీ సేవ అడ్డు కాకూడదు. వాళ్లను తగ్గించడానికి మీ పేరు వాడుకోనివ్వకండి. వాళ్లు ఊడ్చే చోట వాళ్లకు మంచినీళ్లు అందించడం కూడా సేవే. వాళ్లు వెళ్లిపోయాక మిగిలే పొలాలు, వాగు అంచు, అడవి అంచు మన వంతు.

చిన్నపిల్లల విషయంలో వార్డెన్‌గా గట్టిగా చెబుతున్నాను. హాస్టల్ పిల్లలను బస్సెక్కించి తెచ్చి గాజు ఏరించవద్దు. వాళ్లు మొక్కలకు నీళ్లు పోయవచ్చు, ఆకు దొప్పలు కుట్టడం నేర్చుకోవచ్చు, బోర్డులు రాయవచ్చు. ఊడ్చే పనిని శిక్షగా ఇస్తే ఆ పిల్ల జీవితాంతం చీపురును అవమానం అనుకుంటుంది. ఇష్టంతో వచ్చిన చేయి మాత్రమే సేవ.

ఇంకొక పని చదువుకున్న మీరే చేయాలి. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏ గూడెం నుంచి ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్తాల గాజు, ఎన్ని బస్తాల ప్లాస్టిక్ వచ్చాయి, ఎవరి పొలంలో ఎక్కువ దొరికాయి, రాయండి. మూడు జాతరల లెక్క చేతిలో ఉంటే, గాజు సీసాల గురించి కలెక్టర్ గారి సమీక్షలో మీరు అడిగే ప్రశ్నకు బరువు వస్తుంది. మన శుభ్రత గురించి బయటివాళ్లు రాసినవే ఇన్నాళ్లు చరిత్రగా చెలామణి అయ్యాయి. ఆ పుస్తకం మనం రాసుకున్న చరిత్ర అవుతుంది.

పెద్ద జాతరకు కోటి మంది వస్తారు, మనం పదిమందిమి ఏం చేయగలం అని భయపడకండి. మధ్య ఏడాదిలో మాఘమాసంలోనే మినీ జాతర వస్తుంది. జనం తక్కువ, మొదలుపెట్టడానికి అదే అనువైన ఏడాది. దాని ముందు గ్రామసభలో తీర్మానం, పూజారుల అనుమతి, జాగాల పంపకం పూర్తి చేసుకోండి. బియ్యం బస్తాలు ఖాళీ అయ్యాక పారేయకుండా ఇప్పటి నుంచే దాచండి. గాజు ఏరడానికి అవే పనికొస్తాయి.